అత్తగారి తెల్ల జిల్లేడుతో ఏం చేయను?

ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు కాబట్టి అవి పక్కన పెట్టి సంగతి మాత్రం చెబుతాను.

ఆమెకు 32 ఏళ్లు. భర్త ఉద్యోగి. ఒక్కడే కొడుకు, రెండో తరగతి చదువుతున్నాడు. మామగారు పోయాక అత్తగారు పల్లెలో ఇల్లు అద్దెకిచ్చి వీళ్ల దగ్గరికి వచ్చేశారు. వస్తూ వస్తూ సామాన్లతో పాటు ఒక తెల్ల జిల్లేడు మొక్క కూడా తెచ్చి గేటు పక్కన నాటారు. ఇప్పుడది మనిషెత్తు పెరిగింది. రోజూ పొద్దున్నే దానికి నీళ్లు పోసి, మొదట్లో పసుపు కుంకుమ పెట్టి, ప్రదక్షిణ చేస్తారు. మంగళవారం ఆ పూలు దండ గుచ్చి ఆంజనేయస్వామి గుడికి పంపుతారు. "ఇంతవరకు నాకు ఏ ఇబ్బందీ లేదు. రథసప్తమికి నేనూ ఆ ఆకులే నెత్తిన పెట్టుకుని స్నానం చేస్తాను" అని రాశారామె.

ఇబ్బంది ఆ తర్వాత మొదలైంది. అత్తగారు మోకాళ్ల నొప్పులకు జిల్లేడు ఆకుకు ఆముదం రాసి, సెగ చూపి కట్టు కట్టుకుంటున్నారు. హాయిగా ఉందంటూ డాక్టరు రాసిన మాత్రలు అటకెక్కించారు. పిల్లాడి వేలి మీద పులిపిరి వస్తే ఆకు తుంచి, కారిన పాలు దాని మీద పెట్టారు. బొబ్బ లేచింది, పుండయింది, మానడానికి నెల పట్టింది. పులిపిరి పోయింది, నల్లమచ్చ మిగిలింది. "చూశావా, పోయిందా లేదా!" అంటారు అత్తగారు. ఇప్పుడు పిల్లాడి కుడి కన్ను పైరెప్ప అంచున చిన్న పొక్కులాంటిది వచ్చింది. వచ్చే ఆదివారం సూర్యోదయం వేళ దానికీ పాలు పెడతానంటున్నారు. భర్తనడిగితే "మా చిన్నప్పుడు మా అందరికీ పెట్టేది, మాకేమైంది?" అన్నారట.

ఇది చాలదన్నట్టు, అత్తగారికి ఊళ్లో తెలిసిన ఒకాయన వచ్చి, గణపతి రూపంలో ఉన్న తెల్ల జిల్లేడు వేరు అంటూ ఒకటి ఇచ్చి రూ.11,116 తీసుకున్నాడు. దిష్టి తగలకుండా అందులోంచి చిన్న ముక్క పిల్లాడి మొలతాడుకు కట్టించాడు. ఈ దంపతులు రెండేళ్లుగా రెండో బిడ్డ కోసం చూస్తున్నారు. దానికీ ఆయన దగ్గర మందుంది: ఆదివారం నాడు పుష్యమి వచ్చినప్పుడు తవ్విన వేరును ఆవుపాలతో అరగదీసి, మూడు రోజులు పరగడుపున తాగాలట. అందుకు వేరే రూ.5,000. ఆయన పంచే కరపత్రాన్ని కూడా ఆమె ఉత్తరంతో జత చేశారు. తాగనని చెప్పినందుకు "నమ్మకం లేనివాళ్లు ఉండబట్టే ఇంటికి కలిసిరావడం లేదు" అన్నారట అత్తగారు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటలు తగ్గిపోయాయి.

చివర్లో ఇలా రాశారు: "మొక్కను కొట్టించేస్తే పాపమా? కట్టిన వేరు తీసేశాక పిల్లాడికి జ్వరమొచ్చినా నా వల్లే అంటారు. నిజం చెప్పాలంటే నాకూ లోపల భయమే. నేను మూఢనమ్మకాలున్న మనిషినా, పెద్దలంటే గౌరవం లేని మనిషినా, నాకే అర్థం కావడం లేదు."

అమ్మా, మీరు అడిగిన ప్రశ్నల కంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది. ఆదివారం నాడు ఆ పాలు పిల్లాడి రెప్పకు తగలకూడదు. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చు, దీనికి మాత్రం వాయిదా లేదు. అత్తగారు నొచ్చుకున్నా సరే, ఇంట్లో గొడవైనా సరే.

ఎందుకంటే జిల్లేడు పాలకు కంటితో ఉన్న వైరం మామూలుది కాదు. అందులో మాంసకృత్తులను కరిగించే ఎంజైములు ఉంటాయి. పిల్లాడి వేలు బొబ్బలెక్కింది అందుకే. ఆ పాలు కంట్లో పడితే నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర, కార్నియా, దాన్ని దాటి లోపలికి దిగి, అక్కడి కణాలను దెబ్బతీస్తాయి. కార్నియా నీరు పట్టి మసకబారుతుంది. ఆ లోపలి వరస కణాలు పోతే మళ్లీ పుట్టవు. ఇంకో చిక్కేమిటంటే, చాలామందికి నొప్పి పెద్దగా ఉండదు. కాసేపు నీళ్లు కారతాయి, తర్వాత చూపు మంచు కమ్మినట్టు అవుతుంది. నొప్పి లేదు కదా అని పొద్దున్నదాకా ఆగుతారు. పూజకు పూలు కోస్తూ, కాయలు తెంపుతూ, ఆకు తుంచిన చేత్తో కన్ను నలుపుకుని ఆసుపత్రికి వచ్చినవాళ్ల గురించి మన దేశంలో కంటి డాక్టర్లు చాలాసార్లు రాశారు. సమయానికి వైద్యం అందితే ఎక్కువమందికి చూపు తిరిగొస్తుంది. ఆలస్యమైతే చెప్పలేం.

రెప్ప అంచు అంటే కంటికి వెంట్రుకవాసి దూరం. ఏడేళ్ల పిల్లాడు మంటపుట్టగానే చేసే మొదటి పని కన్ను నలుపుకోవడం. అత్తగారి చెయ్యి ఎంత నిలకడగా ఉన్నా లాభం లేదు.

మొక్క ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఈ సంగతి ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి: పాలు కంట్లో పడితే వెంటనే, ఆ నిమిషంలోనే, శుభ్రమైన నీళ్లు ధారగా పోస్తూ పదిహేను ఇరవై నిమిషాలు కడగాలి. నలపకూడదు. చనుబాలు, ఆముదం, తేనె, ఇంట్లో ఉన్న పాత చుక్కల మందు ఏవీ వేయకూడదు. కడిగాక నేరుగా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లి "జిల్లేడు పాలు పడ్డాయి" అని ఆ మాటే చెప్పాలి. ఏదో పడిందంటే సరిపోదు, వైద్యం దాన్నిబట్టే ఉంటుంది.

ఇక ఆ రెప్ప మీది పొక్కు సంగతి. అది పులిపిరి అని తేల్చింది ఎవరు? పిల్లలకు కళ్ల చుట్టూ పులిపిరిలా కనిపించే ఇతర పొక్కులూ వస్తాయి, రెప్ప అంచున కురుపులూ వస్తాయి. ఒక్కోదానికి ఒక్కో దారి. కొన్నిటికి ఏమీ చేయక్కర్లేదు కూడా. ముఖం మీది పులిపిర్లకు మందుల షాపులో దొరికే యాసిడ్ మందు సైతం వాడొద్దంటారు. కంటి డాక్టరు ఒకసారి చూస్తే తేలిపోయే విషయం ఇది.

అయితే వేలి మీది పులిపిరి పోయిందిగా అని అత్తగారు అడుగుతారు. అడగనివ్వండి, న్యాయమైన ప్రశ్నే. జిల్లేడు పాలు చర్మాన్ని కాల్చాయి, ఆ కాలిన చర్మంతో పాటు పులిపిరీ రాలిపోయి ఉండొచ్చు. డాక్టర్లు యాసిడ్‌తోనో, అతి చల్లటి నైట్రోజన్‌తోనో చేసేదీ అలాంటి పనే. కాకపోతే ఎంత మోతాదు, ఎంత లోతు అన్నది వాళ్ల చేతిలో ఉంటుంది. ఆకు తుంచితే ఎన్ని చుక్కలు కారతాయో ఎవరికి తెలుసు? ఇంకో సంగతి, పులిపిరి అనేది వైరస్ వల్ల వచ్చేది. పిల్లల్లో మూడింట రెండు వంతుల పులిపిర్లు ఏ మందూ లేకుండానే రెండేళ్లలోపు వాటంతటవే పోతాయి. కాబట్టి చిట్కా ఏదైనా, దానికి మంచి పేరే వస్తుంది. మీవారు "మాకేమైంది" అన్నారు కదా. ఏమీ కాకపోవడం వాళ్ల అదృష్టం, సంతోషమే. అయితే వాళ్లలో ఎవరికైనా కనురెప్ప మీద పెట్టారా? అది అడగండి.

రెండో తొందర విషయం మీ గురించి. ఆ వేరు అరగదీసి తాగడం. తాగనన్నారు, మంచి పని చేశారు, ఆ మాట మీదే ఉండండి. జిల్లేడు మొక్కలో ఆకు, వేరు, పాలు అన్నిటిలోనూ గుండె మీద పనిచేసే విషపదార్థాలు ఉన్నాయి. కడుపులోకి వెళితే వాంతులు, విరేచనాలు, తర్వాత గుండె కొట్టుకోవడంలో తేడా. తెల్లపూల జిల్లేడులో విషం ఉండదని ఒక నమ్మకం తిరుగుతోంది. పువ్వు రంగు మారినంత మాత్రాన పాల గుణం మారదు. పైగా, పిల్లలు పుట్టడానికని మీకు చెప్పిన ఈ మొక్కనే, గర్భం పోగొట్టుకోవడానికి వాడి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ల సంగతి ఫోరెన్సిక్ వైద్య పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉంది. ఒకవేళ అప్పటికే మీరు గర్భవతి అయి ఉండి, మీకింకా తెలియకపోతే? ఆ ఆలోచనకే నాకు ఒళ్లు జలదరిస్తోంది.

ఏడాది ప్రయత్నించినా నెల నిలవకపోతే డాక్టరును కలవమంటారు, మీకు రెండేళ్లయింది. ఇద్దరూ కలిసి వెళ్లండి. మొదటి కాన్పు సవ్యంగా జరిగినా తర్వాత ఇబ్బంది రావచ్చు, అది మగవారి వైపు నుంచైనా కావచ్చు. ఆయన పరీక్షలు ఆయన చేయించుకోకుండా మీ ఒక్కరినే వేరు తాగమనడం ఏం న్యాయం?

ఇప్పుడు మీ అసలు బాధ దగ్గరికి వస్తాను: నమ్మకమా, గౌరవమా అని. మీరు రెంటినీ తక్కెడలో పెట్టుకుని నలిగిపోతున్నారు కానీ, మీ ఇంట్లో జిల్లేడును ఎక్కువ గౌరవిస్తున్నది ఎవరో చూద్దాం.

వినాయక చవితి పత్రి ఇరవై ఒక్క రకాల్లో జిల్లేడు ఉంది. ఉమ్మెత్త ఉంది, గన్నేరూ ఉంది. మూడూ విషాలే. మన ఔషధ నిబంధనల్లో షెడ్యూల్ ఇ(1) అని ఒక జాబితా ఉంది, ఆయుర్వేదంలో వాడే విషద్రవ్యాల జాబితా అది. ఈ మూడూ అందులోనూ ఉన్నాయి. అవి పడ్డ మందును కడుపులోకి ఇచ్చేటట్టయితే వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలని సీసా మీద హెచ్చరిక వేయాలి. ఇదేదో ఇంగ్లీషు వైద్యం వాళ్లు పెట్టిన పుల్ల అనుకోకండి. ఆయుర్వేదమే జిల్లేడు పాలను ఉపవిషాల్లో చేర్చింది, శుద్ధి చేయకుండా ముట్టుకోవద్దంది. సుశ్రుతుడు జిల్లేడు పేరు మీద అర్కాది గణమని ఒక ఔషధ వర్గాన్నే చెప్పాడు, అంటే పనికిరాని మొక్కని ఎవరూ అనలేదు. పనికొచ్చేదే, తెలిసినవాళ్ల చేతిలో.

పూజ తీరు చూడండి. స్వామి పాదాల దగ్గర పెట్టాం, దండ గుచ్చాం, సూర్యుడికి సమిధగా హోమంలో వేశాం, రథసప్తమికి నెత్తిన పెట్టుకుని నీళ్లు పోసుకున్నాం. మూడో పెళ్లి చేసుకునేవాడికి ముందు జిల్లేడుతో పెళ్లి చేసే ఆచారం కూడా ఉండేది, కీడేదో ఆ చెట్టే భరిస్తుందని. ఇన్నిట్లో ప్రసాదంగా తిన్నది ఎక్కడుంది? తులసిని తీర్థంలో వేసి తాగుతాం, జిల్లేడును తాగం. పెద్దలు దానికి దండం పెట్టింది కొంత భక్తితో, కొంత భయంతో. ఆ భయాన్ని వదిలేసి భక్తి ఒక్కటే ఉంచుకున్నారు మీ ఇంట్లో.

అత్తగారికి చెప్పడానికి నా దగ్గర డాక్టర్ల మాట కంటే మంచిది ఒకటుంది. మహాభారతం ఆదిపర్వంలో ఉపమన్యువు కథ. ధౌమ్యుడి శిష్యుడు. ఆవుల్ని కాస్తుంటాడు. భిక్ష తెచ్చుకున్నది గురువుకే ఇవ్వమన్నారు, ఆవుపాలు తాగొద్దన్నారు, చివరికి దూడల మూతి నురుగూ వద్దన్నారు. ఆకలికి ఆగలేక అడవిలో జిల్లేడు ఆకులు తిన్నాడు. కళ్లు పోయాయి. దారి కనపడక పాడుబావిలో పడ్డాడు. గురువు వెతుక్కుంటూ వచ్చి అశ్వినీ దేవతలను స్తుతించమంటే, వాళ్లు దిగివచ్చి చూపిచ్చారు. జిల్లేడు కళ్లు తీస్తుందని వ్యాసుడి నోట వచ్చిన మాట ఇది. మోకాలి కట్టు కట్టుకుంటూ కూర్చున్నప్పుడు పిల్లాడికి ఈ కథ చెప్పమని ఆవిడనే అడగండి. బహుశా ఆవిడకు వచ్చే ఉంటుంది. మీరు చదివి వినిపిస్తే పాఠం చెప్పినట్టవుతుంది, ఆవిడ చెబితే ఆవిడ మాటవుతుంది.

మోకాలి కట్టు విషయంలో అత్తగారిని వదిలేయండి. వేడి, ఆముదం, కాసేపు కదలకుండా కూర్చోవడం, వీటన్నిటి వల్ల ఉపశమనం కలుగుతుంది, అది ఆవిడ భ్రమ కాదు. నాలుగు జాగ్రత్తలు చాలు. ఆకు తుంచాక తొడిమ దగ్గర పాలు కారడం ఆగేదాకా పక్కన పెట్టి, కడిగి తుడిచి వాడాలి. పుండో గీరుడో ఉన్నచోట కట్టకూడదు. షుగర్ ఉండి కాళ్లు తిమ్మిరెక్కే మనిషైతే సెగ ఎంతో తెలియక కాల్చుకుంటారు, ముందు మీ చేతి మీద పెట్టి చూడండి. కట్టు కట్టిన చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆవిడ మానేసిన మాత్రల చీటీ మాత్రం ఒకసారి తీసి చూడండి. నొప్పి మాత్రలు మానేస్తే అంత ప్రమాదం లేదు, వాటితో పాటు బీపీవో షుగర్‌వో కూడా అటకెక్కాయేమో, అదీ నా అనుమానం.

మీ ఉత్తరంలో మీరు దాటేసిన వాక్యం ఒకటి నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది. "ఊళ్లో ముల్లు గుచ్చుకున్నా, మోకాలు పట్టేసినా మా అత్తగారి దగ్గరికే వచ్చేవారట" అని రాశారు. ఆవిడ భర్తను పోగొట్టుకున్నారు, ఇల్లు వదిలారు, వంటిల్లు మీదయింది, డబ్బు లెక్క కొడుకుదయింది. ఊళ్లో పదిమందికి పనికొచ్చిన మనిషి ఇక్కడ గేటు దగ్గర నిలబడితే పలకరించే దిక్కు లేదు. ఆవిడ వెంట తెచ్చుకున్న పెద్దరికం ఆ మొక్క ఒక్కటే. పెరటి చెట్టు మందుకి పనికిరాదని సామెత, మీ ఇంట్లో ఆ పెరటి చెట్టే ఆవిడకు పరువు. మీరు జిల్లేడును వద్దన్న ప్రతిసారీ ఆవిడకు "నువ్వు వద్దు" అన్నట్టు వినపడుతోంది. ఇది ఆవిడను వెనకేసుకు రావడం కాదు. పిల్లాడికి పుండు చేశాక కూడా "చూశావా" అనడం నాకూ నచ్చలేదు. కానీ కారణం తెలిస్తే గొడవ ఎక్కడ పడాలో, ఎక్కడ పడక్కర్లేదో తెలుస్తుంది.

మీ ముందున్న దారులేమిటో చూద్దాం.

మొక్కను కొట్టించేయడం ఒక దారి. పాపమా అని అడిగారు, నా మటుకు పాపం కాదు. ప్రమాదం తీరుతుంది. కానీ జిల్లేడు ఏ ఖాళీ స్థలంలో చూసినా ఉంటుంది, ఆవిడ రోడ్డవతలకు వెళ్లి తుంచుకొస్తారు, అప్పుడు మీకు తెలియకుండా జరుగుతుంది. పైగా ఇంట్లో ఎవరికి ఏ జ్వరమొచ్చినా, మీవారి ప్రమోషన్ ఆగినా, ఆ కొట్టించిన చెట్టే గుర్తొస్తుంది. ఆ మాట మీరు ఏళ్లపాటు మోయాలి. పిల్లాడు మరీ చిన్నవాడై, కనిపించిందల్లా నోట్లో పెట్టుకునే వయసైతే నేనే కొట్టించమనేదాన్ని. ఏడేళ్లవాడికి చెప్పి కాపాడుకోవచ్చు.

ఏమీ అనకుండా సర్దుకుపోవడం ఇంకో దారి. మీవారు కోరుకుంటున్నది ఇదే. ఇల్లు పైకి ప్రశాంతంగా ఉంటుంది. ఆదివారం వస్తుంది. అది మీ వల్ల కాదు కాబట్టే నాకు ఉత్తరం రాశారు.

మూడోది కొంచెం కష్టమైనది. మొక్క ఉంటుంది, పూజ ఉంటుంది, దండ ఉంటుంది, మోకాలి కట్టు ఉంటుంది. పాలు మాత్రం పిల్లాడి ఒంటి మీద ఎక్కడా పడవు, వేరు ఎవరి కడుపులోకీ పోదు. ఈ రెండు విషయాల్లో బేరం లేదు. ఈ మాట చెప్పాల్సింది మీరు కాదు, మీవారు. కోడలు చెబితే ఎదురు చెప్పినట్టు, కొడుకు చెబితే నిర్ణయం చెప్పినట్టు. మన ఇళ్లలో ఇది మారడానికి ఇంకా టైం పడుతుంది, ఈలోగా పిల్లాడి కన్ను ఆగదు. కాబట్టి ముందు మీవారితో తేల్చుకోండి. అమ్మ గురించి ఫిర్యాదులా మొదలుపెట్టకండి. పిల్లాడి వేలి మీది మచ్చ ఆయన చేత పట్టించి చూపించి, "ఇది కన్ను రెప్ప అయితే?" అని అడిగి ఊరుకోండి. జవాబు ఆయన్నే చెప్పనివ్వండి. ఆయన అప్పటికీ తప్పించుకుంటే ఆదివారం పొద్దున మీరు పిల్లాడిని తీసుకుని మీ పుట్టింటికో, స్నేహితుల ఇంటికో వెళ్లిపోండి. మాట పడతారు. పడండి, ఈ ఒక్కసారికి.

ఆవిడ డాక్టర్ల మాట వినే మనిషి కాకపోతే, దగ్గర్లో ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రి ఉందేమో చూడండి. మోకాళ్ల కోసమని తీసుకెళ్లండి, అబద్ధమేమీ కాదు కదా. జిల్లేడు గురించి అక్కడి వైద్యుడు చెబితే, తన శాస్త్రం తెలిసినవాడు చెప్పినట్టు ఉంటుంది. ఆవిడకు తెలిసిందాన్ని ఆయనా ఔనంటాడు, తెలియనిదాన్ని ఆయనే దిద్దుతాడు.

ఆ వేరు అమ్మినాయన సంగతి. మీరు పంపిన కరపత్రం చదివాను. సంతానం, కోర్టు కేసులు, పక్షవాతం, అన్నిటికీ ఒకటే వేరు! తాయత్తులు, కవచాలు రోగాలు నయం చేస్తాయని ప్రకటించుకోవడం 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. ఆడవారికి సంతానం కలగకపోవడం కూడా ఆ చట్టం జాబితాలో ఉంది. మొదటిసారి రుజువైతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కరపత్రం మీ చేతిలో ఉంది కాబట్టి ఫిర్యాదు చేయొచ్చు. కానీ సాక్ష్యం మీ అత్తగారే అవుతారు. తన ఊరి మనిషి మీద, తను మోసపోయానని ఆవిడ నోటితో చెప్పాలి. ఆవిడ సిద్ధంగా లేకపోతే కేసూ నిలవదు, ఇల్లూ నిలవదు. రూ.11,116 తిరిగొస్తుందని నాకు పెద్దగా ఆశ లేదు. తర్వాతి రూ.5,000 మాత్రం ఆపొచ్చు, ఆ మాట మీవారు ఆయనకు ఒక్క ఫోన్‌లో చెప్పేయొచ్చు. ఆ వేరు గణపతిని ఏం చేయాలంటారా? చాలావాటిలో తొండం దగ్గర ఉలి దెబ్బలు కనిపిస్తాయి, మీరూ చూడండి. చూసి ఊరుకోండి. దేవుడి గూట్లో ఉన్నదాన్ని తీయించి మీరు గెలిచేది ఏమీ లేదు.

పిల్లాడి మొలతాడుకు ఉన్న ముక్క గురించి మీరు ఎక్కువ భయపడుతున్నట్టున్నారు, రెండు వైపులా. ఉంటే మీకు టెన్షన్, తీస్తే ఇంకా టెన్షన్. నోట్లో పెట్టుకోకుండా, చెమటకు నాని ఒరుసుకోకుండా ఉంటే ఎండిన వేరు ముక్క ఒంటికి హాని చేయదు. వెండి తాయత్తులో పెట్టించి మూత వేయించండి, ఆవిడకూ తృప్తిగా ఉంటుంది. లేదా తీసి దేవుడి దగ్గర పెట్టి, ఇక్కడినుంచే కాపాడతాడని చెప్పండి. తీశాక జ్వరం వస్తే? పిల్లలన్నాక వస్తుంది. వేరు కట్టి ఉండగా వాడికి ఒక్కసారైనా జలుబు చేసే ఉంటుంది కదా, అప్పుడు వేరును ఎవరూ తప్పుపట్టలేదు. మీకు లోపల భయం ఉన్నంత మాత్రాన మూఢురాలు అయిపోరు. పిల్లల విషయంలో చదువుకున్న తల్లులూ గుమ్మానికి గుమ్మడికాయ కడతారు. భయం ఉన్నా, తాగాల్సింది తాగకూడనిది తేల్చుకోగలిగారు మీరు, అది తక్కువేమీ కాదు.

మొక్కను ఉంచేటట్టయితే ఒకటి రెండు పనులు చేయించండి. గేటు పక్కనంటున్నారు, పిల్లలు బంతి కోసం దూరేది అక్కడే. కింది కొమ్మలు తీయించి, చుట్టూ చిన్న దడి కట్టించండి. కొమ్మలు కొట్టేవాళ్లు చేతులకు తొడుగు, కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. పూలు కోసే పని పెద్దవాళ్లదే, కోశాక చేతులు కడుక్కోవాలి. రథసప్తమికి ఆకులు ముందురోజు సాయంత్రమే కోసి, తొడిమలు కడిగి ఆరబెట్టండి. నెత్తిన పెట్టుకుని నీళ్లు పోసుకునేటప్పుడు అప్పుడే తుంచిన ఆకైతే తొడిమ పాలు నీళ్లతో పాటు కంట్లోకే జారతాయి. ఇంకో సరదా సంగతి, ఆకుల అడుగున నలుపు, పసుపు, తెలుపు చారలున్న గొంగళిపురుగులు కనిపిస్తే చంపించకండి. అవి సీతాకోకచిలుకలవి. ఆ విషమే తిని, ఒంట్లో దాచుకుని, పక్షులు తమ జోలికి రాకుండా చూసుకుంటాయి. మీ అబ్బాయికి దూరం నుంచి చూపించండి, చెయ్యి పెట్టకూడదని ఎందుకన్నారో వాడికే అర్థమవుతుంది.

కంటి డాక్టరు దగ్గరికి ఈ వారంలోనే వెళ్లండి, ఆదివారం దాకా ఆగొద్దు. వెళ్లేటప్పుడు అత్తగారినీ తీసుకెళ్లండి. వేలికి ఏం పూశారని డాక్టరు అడిగితే మీరు అందుకోకండి, ఆవిడనే చెప్పనివ్వండి. ఆయన ఆవిడతో నేరుగా మాట్లాడితే మీరు మధ్యలో దూరాల్సిన పని ఉండదు. ఆ పొక్కు ఏమిటని తేలిందో నాకు రాయండి.